పావు ట్యాంకు

మా ఉద్యోగంలో కోపానికి సీటు లేదు. ఎక్కినవాడు చిటికె వేసి పిలిచినా, ముందు సీటు మీదికి కాళ్ళు చాపినా, చంటిపిల్లకు మార్చిన తడిగుడ్డ నా చేతిలో పెట్టినా నేను నవ్వాలి. ఆ నవ్వు ఎలా నవ్వాలో కొత్తగా చేరిన అమ్మాయిలకు నేర్పేది కూడా నేనే. నా వెనక వాళ్ళు నాకు పెట్టుకున్న పేరు హెడ్మిస్ట్రెస్. విమానం దిగి, బస్సెక్కి, ఇంటి మెట్ల దగ్గరికి వచ్చాకే నా అసలు మొహం నాకు దొరుకుతుంది. "గాల్లో నవ్విన నవ్వులన్నిటికీ ఇక్కడ మా మీద కక్ష తీర్చుకుంటావే అక్కా" అంటుంది మా చెల్లెలు. పై వాటా నాది, కింది వాటా వాళ్ళది. నేను పైన గిన్నె విసిరితే కింద వాళ్ళకు నా డ్యూటీ ఎలా గడిచిందో తెలిసిపోతుంది.

చెల్లెలి మొగుడిది కూడా మా కంపెనీయే. విమానాలకు నీళ్ళు పట్టే బండి నడుపుతాడు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. నేను పది మాటలు అంటే ఒక్కసారి తల ఊపుతాడు. పెళ్ళైన కొత్తలో ఇతనికి మాటలు రావేమోనని మా చెల్లెల్ని పక్కకు పిలిచి అడిగాను కూడా.

మా కంపెనీ గురించి చెప్పాలి. దాని యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఒకప్పుడు బస్సులు తిప్పేవాడు, ఆ డబ్బుతో చిన్న విమానాలు కొన్నాడు. గంట దూరంలో ఉన్న ఊళ్ళకు పొద్దున్నించి రాత్రిదాకా అటూ ఇటూ తిప్పుతాడు. టికెట్టు చవక. ఆ చవక ఎక్కణ్ణించి వస్తుందో లోపల ఉన్నవాళ్ళకే తెలుసు. ఆయనకు బరువు అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. బరువుంటే ఇంధనం ఎక్కువ తాగుతుందని సీట్ల జేబుల్లో పుస్తకాలు పీకేశాడు, దిండ్లు పీకేశాడు, చివరికి మమ్మల్ని కూడా కాస్త చిక్కమన్నాడు. ఆ తర్వాత ఆయన కన్ను నీళ్ళ మీద పడింది. గంట ప్రయాణంలో బాత్రూముకు ఎంతమంది వెళ్తారు, ట్యాంకు నిండా నీళ్ళెందుకు మోయాలి అన్నాడు. అప్పట్నించి మా విమానాలన్నిటికీ పావు ట్యాంకే.

ఈ మాట ఎక్కడా రాసి ఉండదు. మా దగ్గర ఏ మాటా రాసి ఉండదు. నీళ్ళ బండి డ్రైవరు వాకీటాకీలో "ఎంత పట్టమంటారు?" అని అడగాలి, కంట్రోల్ రూములోంచి "ఎప్పటిలాగే" అని జవాబు రావాలి. అంటే పావు. ఒకసారి ఒక డ్రైవరు పొరపాటున నిండా పట్టేస్తే అతన్ని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత పావు గీత దాటి చెయ్యి వెయ్యడానికి ఎవడికీ ధైర్యం చాల్లేదు.

అలాంటి పెద్దాయనకు సముద్రం దాటాలనిపించింది.

ఎక్కణ్ణించో ఒక పెద్ద విమానం అద్దెకు తెచ్చాడు. పాతదే, రంగు మాత్రం కొత్తది. ఆఫీసు గోడ నిండా "దూరాలు ఇక మనవే" అని బ్యానరు కట్టించాడు. పది గంటల ప్రయాణాలు, అవతలి ఖండాలు, అదే చవక టికెట్టు. నన్ను పిలిచి, "దూరపు విమానాల సిబ్బందికంతా నువ్వే పెద్ద దిక్కమ్మా" అన్నాడు. ఎందుకు దాచాలి, నాకు ఆశ పుట్టింది. ఇన్నేళ్ళు గాల్లో తిరిగినా రోజూ నా మంచం మీదే పడుకున్నదాన్ని నేను. గంట దూరంలో ఉన్న ఊళ్ళ విమానాశ్రయాల్లో బాత్రూములు తప్ప ఏమీ చూడలేదు. సముద్రం అవతల ఒక్క పొద్దు నిద్ర లేవాలని నాకూ ఉండదా?

దానికి ప్రభుత్వం నించి అనుమతి రావాలి. అనుమతి ఇచ్చే ఇన్‌స్పెక్టరు లోపల కూర్చుని ఉండగా, సముద్రం మీంచి పది గంటలు ఎగిరి, తిరిగి ఇక్కడే దిగి చూపించాలి. పెద్దాయన ఆ ట్రయల్ ప్రయాణాన్ని పెళ్ళి చేసినట్టు చేశాడు. బ్యాంకు వాళ్ళను పిలిచాడు, పత్రికల వాళ్ళను పిలిచాడు, తన వియ్యపురాలిని పిలిచి మొదటి వరసలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కూతుర్నిచ్చిన ఇంట్లో తన గొప్ప చూపించుకోవాలి కదా.

ఆ రోజు నీళ్ళ బండి తెచ్చింది మా మరిదే. జరిగింది తర్వాత నాకు అతనే చెప్పాడు, అతని లెక్కకు చాలా పెద్ద ప్రసంగమే చేశాడు. పైపు తగిలించి, "పెద్ద విమానం కదా సార్, ఎంత పట్టమంటారు?" అని అడిగాడట. కంట్రోల్ రూములోంచి ఆపరేషన్స్ మేనేజరే పలికాడట, "ఎప్పటిలాగే" అని. మరిది ఆగి, "దూరం వెళ్తుంది కదా సార్" అన్నాడట. "చెప్పింది చెయ్యవయ్యా, టైమవుతోంది ఇక్కడ" అన్నాడట మేనేజరు. ఇతను చెప్పింది చేశాడు.

తలుపులు మూసే ముందు నేను వెనక వంటగదిలో నీళ్ళ లైట్లు చూశాను. నిండా ఉంటే నాలుగు లైట్లు వెలగాలి. ఒకటే వెలుగుతోంది. పరుగులాంటి నడకతో, మొహం మీద నవ్వు చెదరకుండా, ముందు వరసకు వెళ్ళాను. పెద్దాయన అప్పటికే బూట్లు విప్పేసి కూర్చున్నాడు. పక్కన మేనేజరు నిలబడి ఉన్నాడు.

"సార్, నీళ్ళు పావే ఉన్నాయి. నింపించాలి" అన్నాను మెల్లగా.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. "ఇప్పుడు మళ్ళీ బండి పిలిస్తే ఆలస్యం. ఇన్‌స్పెక్టర్ ముందు ఆలస్యమా?"

"పది గంటలు సార్. ఇంతమంది జనం."

పెద్దాయన నా వైపు జాలిగా చూశాడు, లెక్కలు రాని పిల్లని చూసినట్టు. "అమ్మా, దీని ట్యాంకెంత, మన చిన్న విమానం ట్యాంకెంత? దీని పావు మన దాని నిండు కన్నా ఎక్కువ. ఎప్పుడైనా ఎవరైనా నీళ్ళు లేవన్నారా? వెళ్ళి తలుపు వెయ్యి" అన్నాడు.

జనం ఎక్కువ, గంటలు ఎక్కువ అని చెప్పడానికి నోరు తెరిచాను. వియ్యపురాలు నా వైపు తిరిగి చూసింది. నేను నవ్వి, వెనక్కి వచ్చి, తలుపు వేయించాను.

సగం దారి కూడా రాకముందే నీళ్ళైపోయాయి. కింద చూస్తే ఎటు చూసినా నీళ్ళే, లోపల చెయ్యి కడుక్కోవడానికి చుక్క లేదు. ముందు కుళాయిలు ఎండాయి, తర్వాత టీ కాఫీలు ఆగాయి, తర్వాత బాత్రూములు ఒక్కొక్కటే నిండి పొంగాయి. ఆ వాసన వెనకనించి మొదలై వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. నేనూ నా అమ్మాయిలూ అమ్మకానికి పెట్టిన మంచినీళ్ళ సీసాలు విప్పి బాత్రూముల్లో పోశాం. ఆ సమయంలో పెద్దాయన నన్ను పిలిచి అడిగిన మాట వినండి. "ఆ సీసాలకు బిల్లు ఎవరి పేర రాస్తున్నావమ్మా?" చేతిలో ఉన్న సీసా ఆయన నెత్తిన గుమ్మరించి ఉండాల్సింది. నేను నవ్వాను. వియ్యపురాలు ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని దిగేదాకా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు తగిలింది ఆ ఒక్క దెబ్బే అని నా అనుమానం.

ఇన్‌స్పెక్టరు చాలా తక్కువ మాట్లాడే మనిషి. దిగేటప్పుడు ఒక్క మాటే అన్నాడు. "ఇది ఒక మనిషి పొరపాటైతే ఇంకో ట్రయల్ ఇస్తాను. మీరు పనిచేసే పద్ధతే ఇంతైతే దూరపు విమానాలు మర్చిపోండి. విచారణ పెట్టి నాకు చూపించండి."

ఆ మాటతో అందరికీ దారి దొరికింది. ఒక మనిషి కావాలి. దొరికాడు.

మర్నాడే మా మరిదిని పనిలోంచి ఆపేశారు. నీళ్ళ బండికి ఇంకొకర్ని పెట్టారు, తల పండిన పెద్దమనిషి, ఇంకెక్కడో పనిపోయి వచ్చినవాడు. మేనేజరు నన్ను తన గదికి పిలిచి తలుపు వేశాడు.

"నాలుగు లైట్లూ చూశానని చెప్పండి చాలు. లైట్లు పాడై ఉంటాయి, నీళ్ళ బండివాడు మర్చిపోయి ఉంటాడు. మీరూ బయటపడతారు, కంపెనీ బయటపడుతుంది. ఆ పెద్ద పదవి మీదే. మీ మరిదిని కూడా కొన్నాళ్ళు పోయాక ఎక్కడో ఒకచోట సర్దుతాం."

"ఎప్పటిలాగే అన్నది మీరు కాదా?"

"నేనా? ఏమన్నానో ఎవరు విన్నారు?" అన్నాడు. నవ్వాడు కూడా. నేను నేర్పే నవ్వు కన్నా మంచి నవ్వు.

ఆ సాయంత్రం మెట్లెక్కలేదు, తిన్నగా కింది వాటాలోకే వెళ్ళాను. చెల్లెలు బట్టలు మడతపెడుతోంది. మరిది కూతురి చెప్పుకు తెగిన పట్టీ కుడుతున్నాడు. నేను అరవడం మొదలుపెట్టాను. పెద్దాయన్ని తిట్టాను, మేనేజర్ని తిట్టాను, పనిలో పనిగా ఆ వియ్యపురాల్ని కూడా తిట్టాను. "రేపు విచారణలో అన్నీ కక్కేస్తాను. నువ్వు కూడా ఉన్నదున్నట్టు చెప్పు. ఇద్దరం చెబితే వాళ్ళేం చేస్తారు?" అన్నాను.

మరిది సూది ఆపాడు. "ఎందుకులే వదినా, వదిలెయ్యండి" అన్నాడు.

"వదిలెయ్యడమా! నీకు పౌరుషం లేదా?"

చెల్లెలు చీర విసిరికొట్టింది. "మొగుణ్ణి నేనే ఏమీ అనను, నువ్వెవరే అనడానికి? నీ నోరు ఇక్కడే లేస్తుంది. ఆ రోజు ఆ తలుపు దగ్గర ఎందుకు లేవలేదు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. కోపమొచ్చి, పైకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

విచారణ మర్నాడు మధ్యాహ్నం. రెండో ట్రయల్ కూడా ఆ సాయంత్రమే పెట్టుకున్నారు, అంత ధీమా వాళ్ళకు. నేను యూనిఫాంలోనే వెళ్ళాను. పొడుగాటి బల్ల, ఒక చివర ఇన్‌స్పెక్టరు, పక్కన పెద్దాయన, మేనేజరు. కిటికీ అద్దంలోంచి కింద పెద్ద విమానం కనిపిస్తోంది. దాని చుట్టూ బళ్ళు తిరుగుతున్నాయి. మరిది గోడ పక్కన కుర్చీలో, బడిలో గోడకుర్చీ వేసిన పిల్లవాడిలా బిగుసుకుని కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు. "లైట్లు చూశారా?"

"చూశాను సార్. ఒకటే వెలుగుతోంది. వీళ్ళిద్దరికీ చెప్పాను. పావు చాలు, తలుపు వెయ్యమన్నారు." పెద్దాయన వైపు తిరిగాను. "మీరే అన్నారు సార్. బూట్లు విప్పుకుని కూర్చుని, దీని పావు మన నిండు కన్నా ఎక్కువ అన్నారు."

పెద్దాయన ఫోను చూసుకుంటూ, "నాకు గుర్తు లేదమ్మా" అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఈవిడ బాధ మాకు అర్థమవుతుంది సార్, సొంత మరిది కదా. కానీ అతను పొద్దున్నే మా దగ్గరికొచ్చి ఒప్పేసుకున్నాడు."

నేను గిరుక్కున తిరిగాను. "ఏం ఒప్పుకున్నావు?"

మరిది లేచి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. "నేనే మర్చిపోయానండి. నిండా పట్టమన్నారు, నేను పావు పట్టాను" అన్నాడు, అప్పజెప్పిన పాఠంలా.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. "అబద్ధం! ఎందుకు చెప్తున్నావు? ఏం బెదిరించారు నిన్ను?"

అతను గోడకేసి చూస్తూ గొణిగాడు. "తలుపు వేయించింది మీరు కదా వదినా. నా తప్పు లేదంటే తప్పు మీ మీదకొస్తుందన్నారు. రెండు ఉద్యోగాలు పోవడం కన్నా..."

మేనేజరు అడ్డొచ్చాడు. "అలా ఎవరూ అనలేదు సార్."

ఇదీ వాళ్ళు చేసింది. నోరు మూసుకుంటే నీ మరిదిని తర్వాత సర్దుతామని నాకు చెప్పారు. నోరు తెరిస్తే నీ వదిన పోతుందని అతనికి చెప్పారు. ఒకే ఇంటి రెండు వాటాల మధ్య దూరి ఇద్దరి గొంతులూ నొక్కారు. ఆ క్షణంలో ఆ బల్ల ఎత్తి వాళ్ళ మీద వెయ్యాలనిపించింది.

ఇన్‌స్పెక్టరు పెన్ను కింద పెట్టాడు. "అమ్మా, మీ మాట తప్ప సాక్ష్యం లేదు. పావు పట్టమనడమే వీళ్ళ పద్ధతి అంటున్నారు. ఎక్కడన్నా రాసుందా?"

"ఇక్కడ ఏదీ రాయరు సార్. ఎప్పటిలాగే అంటారు, అంతే." అప్పుడే కిటికీలోంచి నీళ్ళ బండి వెనక్కి వెళ్ళడం కనిపించింది. ముందూ వెనకా చూసుకోకుండా అనేశాను. "వీళ్ళు మనిషిని మార్చారు గానీ మాట మార్చి ఉండరు. ఆ విమానానికి ఇప్పుడే నీళ్ళు పట్టారు. ఆ లైట్లు నేనింకా చూళ్ళేదు. వచ్చి చూడండి. నాలుగు లైట్లు వెలిగితే నేను ఇప్పుడే ఉద్యోగం మానేసి వెళ్ళిపోతాను."

"ఇదేం వేషం! నేను నిండా పట్టమనే చెప్పాను" అన్నాడు పెద్దాయన లేస్తూ. మేనేజరు వైపు చూశాడు. మేనేజరు నీళ్ళు నమిలాడు. మేనేజరు మొహం చూసేసరికి ఇన్‌స్పెక్టరు కూడా లేచాడు.

మెట్లు దిగి, ఎండలో నడిచి, విమానం ఎక్కుతుంటే నాకు భయమేసింది. ఎంత మూర్ఖులైనా ఇంత గొడవ జరిగాక కూడా నింపించరా? నింపించే ఉంటారు. నా నోరు నన్నే ముంచింది అనుకున్నాను. వెనక వంటగదిలో ఇన్‌స్పెక్టరే ముందుకు వంగి చూశాడు.

ఒకటే లైటు వెలుగుతోంది.

పెద్దాయన మొహం మొదట పాలిపోయింది, వెంటనే ఎర్రబడింది. విసవిసా తలుపు దగ్గరికి వెళ్ళి, మెట్ల మీద నిలబడి కిందికి అరిచాడు. "ఎవడ్రా నీళ్ళు పట్టింది?"

కొత్త డ్రైవరు బండి దిగి వచ్చాడు. తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు.

"వీణ్ణి ఇప్పుడే బయటికి పంపించండి! వీడి ఒళ్ళు బలిసింది! చెప్పింది వినకుండా వీళ్ళిష్టం వచ్చినట్టు..." పెద్దాయన అరుస్తూనే ఉన్నాడు. మేనేజరు అప్పుడే ఫోను తీశాడు, మూడో మనిషిని వెతకడానికి కాబోలు. ఆ పెద్దమనిషి తలపాగాతోనే చేతులు జోడించాడు.

నేను నోరు తెరిచాను. కానీ నా కన్నా ముందు నా వెనకనించి ఒక గొంతు లేచింది. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఆయన్నేం అనకండి!"

మరిది మెట్లు దిగి వెళ్ళి ఆ పెద్దమనిషి ముందు నిలబడ్డాడు. "నేను ఒప్పుకున్నది అబద్ధం. నేను మర్చిపోలేదు. రెండుసార్లు అడిగాను. ఈ మేనేజరు ఒకసారి ఎప్పటిలాగే అన్నారు, రెండోసారి చెప్పింది చెయ్యమన్నారు. ఇవాళ ఈయనా అడిగే ఉంటారు." వెనక్కి తిరిగి, "అడిగారా బాబాయ్?" అన్నాడు.

"అడిగాను నాయనా" అన్నాడాయన. "ఎప్పటిలాగే అనే అన్నారు."

ఇన్‌స్పెక్టరు మెట్ల మీంచే చెప్పేశాడు, సాయంత్రం ట్రయల్ లేదని, ఇక అనుమతి అడగనక్కర్లేదని. పెద్దాయన ఆయన వెంట పరిగెత్తాడు. "ఇప్పుడే నిండా పట్టిస్తాను సార్, ఇప్పుడే" అంటూ వెళ్ళాడు.

గేటు దగ్గర మా ఇద్దరి పాసులూ తీసేసుకున్నారు. దూరపు విమానాలు పోయాయి, నా పెద్ద పదవి పోయింది, చిన్న ఉద్యోగం కూడా పోయింది. బస్టాపు దాకా నేను అరుస్తూనే నడిచాను. ముందు వాళ్ళ మీద, తర్వాత అతని మీద.

"నీ ఉద్యోగం పోతుంటే నోరు విప్పలేదు. నేను నిలబడి గొంతు చించుకుంటుంటే విప్పలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం విప్పావు. నీకు ఆయనెవరు?"

అతను ఎండకు కళ్ళు చికిలించి, వచ్చే బస్సు నంబరు చూస్తూ అన్నాడు.

"నాకు మీరున్నారు కదా వదినా. ఆయనకెవరున్నారు?"